పన్నెండు, పదమూడు: ఒక ఉమ్మడి గోడకు రెండువైపులా

లండన్‌లో లింకన్స్ ఇన్ ఫీల్డ్స్ అని ఒక పెద్ద చౌక్ ఉంది. నడుమ చెట్లూ పచ్చికా, చుట్టూ కట్టడాలు. ఉత్తరపు వరసలో 12, 13 నంబర్ల ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. రెండింటినీ కట్టించింది ఒక్కడే, ఆర్కిటెక్ట్ సర్ జాన్ సోన్. రెండూ తాను ఉండడానికే కట్టుకున్నాడు. 12 కట్టింది 1792-94లో, అప్పటికి అతనికి నలభై ఏళ్లు. 13 ముందుభాగం కట్టింది 1812లో, అప్పటికి అరవైకి దగ్గర పడ్డాడు. అదే వీధి, అదే రకం స్థలం, అదే బిల్డింగ్ చట్టం. మధ్యలో ఇరవై ఏళ్ల అనుభవం.

ఇవాళ ఆ ఇళ్లు సర్ జాన్ సోన్ మ్యూజియం. పుస్తకాల్లో, పోస్ట్‌కార్డుల మీద కనిపించేదంతా 13. ఆర్కిటెక్చర్ విద్యార్థులు స్కెచ్ పుస్తకాలు పట్టుకుని నిలబడేది కూడా అక్కడే. పాత కట్టడాల మరమ్మతు నా వృత్తి. ఆ కంటితో చూస్తే ఈ రెండిళ్లను విడదీసి చదవడం కుదరదు. 13లో సోన్ చేసిన ప్రతి సాహసానికీ 12 ఏదో ఒక రకంగా ఆసరాగా నిలిచింది. కడుతున్నప్పుడు తలదాచుకోవడానికి, కట్టాక వీధిలో పక్కన నిలబడడానికి, అతను పోయాక ఖర్చులకు, రెండు వందల ఏళ్లకు లిఫ్ట్ పెట్టడానికి. ఈ కేస్ స్టడీలో నేను చూపాలనుకున్నది అదే. పక్కనే 14 కూడా సోన్ కట్టిందే (1823-24). దాని ప్రస్తావన అవసరమైన చోట వస్తుంది. అసలు కథ మాత్రం ఈ జంటదే.

స్థలం, సమస్య

లండన్ వరస ఇల్లు ఎలా ఉంటుందో ముందు చెప్పాలి. వీధి వైపు సన్నగా, లోపలికి పొడుగ్గా ఉన్న స్థలం. కుడి ఎడమల్లో ఉమ్మడి గోడలు, వాటికి కిటికీ పెట్టే వీలు లేదు. పొయ్యిల గొట్టాలు ఆ గోడల్లోంచే పైకి పోతాయి. వంటిల్లూ పనివాళ్ల గదులూ సెల్లార్‌లో, అతిథుల గదులు దాని పైన, పడకగదులు ఇంకా పైన. ప్రతి అంతస్తులో ముందొక గది, వెనకొక గది, పక్కన మెట్లు. వెనక చిన్న పెరడు, ఆ పెరటి చివర గుర్రపుశాల, దాని వెనక సందు. ఇక్కడ ఆ సందు పేరు వెట్‌స్టోన్ పార్క్.

ఈ ఇంటికి ఆకాశం కనిపించేది రెండు చివర్లలోనే. ఉత్తరపు వరస కాబట్టి 12, 13ల ముఖం దక్షిణానికి ఉంది. లండన్‌లో అది అదృష్టం, ముందు గదులకు ఎండ దొరుకుతుంది. వెనక గదులకు మాత్రం ఉత్తరపు చల్లని వెలుగు, అదీ ఎదురు గోడల మీదుగా. ఇల్లు లోతుకి పోయేకొద్దీ నడుమ భాగం చీకటి. పెరట్లోకి ఇల్లు పెంచితే ఆ చీకటి ఇంకా పెరుగుతుంది. సోన్‌కి ఇల్లు పెంచక తప్పదు. ఆఫీసు అక్కడే, శిష్యులు అక్కడే, ఏటేటా కొంటున్న విగ్రహాలూ రాతి ముక్కలూ అచ్చులూ అక్కడే. పైగా గాజు ఖరీదు. 1746 నుంచి 1845 దాకా గాజు మీద సుంకం ఉండేది, కిటికీల మీద వేరే పన్ను ఉండేది.

చట్టం సంగతీ తెలియాలి. లండన్‌కు నిప్పు భయం పాతది. 1774 బిల్డింగ్ చట్టం ఇళ్లను నాలుగు తరగతులుగా విడదీసి, ఒక్కో తరగతికి ఉమ్మడి గోడ మందం ఎంతుండాలో, ముందుకి ఏది పొడుచుకు రావచ్చో, ఏది రాకూడదో నిర్ణయించింది. ప్రతి పేటకీ ఒక సర్వేయర్ ఉండేవాడు. ఆ జార్జియన్ కాలపు (జార్జి పేరున్న రాజుల కాలపు) వీధులన్నీ ఒకే అచ్చులో పోసినట్టు కనిపించడానికి అభిరుచి ఎంత కారణమో ఈ చట్టం కూడా అంతే కారణం. ప్రాచీన గ్రీకు, రోమన్ కట్టడాల నుంచి వచ్చిన క్లాసికల్ పద్ధతి అక్కడ స్తంభాల్లో కంటే కొలతల్లోనే ఎక్కువ ఉంటుంది. అతిథుల అంతస్తు కిటికీలు ఎత్తుగా, పైకి పోయేకొద్దీ పొట్టిగా, చివర పిట్టగోడ వెనక దాగిన పైకప్పు. స్తంభం ఒక్కటి లేకపోయినా గుడి ముఖం తాలూకు నిష్పత్తి ఆ ఇటుక గోడలో ఉంటుంది.

పన్నెండు

సోన్ తండ్రి ఇటుకల మేస్త్రీ. సోన్ 1753లో పుట్టాడు. 1788లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఆర్కిటెక్ట్ అయ్యాడు. 1790లో భార్య ఎలిజాను పెంచిన మేనమామ, బిల్డర్ జార్జ్ వయట్, వాళ్లకు ఆస్తి వదిలి పోయాడు. ఆ డబ్బుతోనే 12వ నంబర్ కొని, ఉన్న పాత ఇంటిని పడగొట్టి కొత్తది కట్టాడు.

బయటి నుంచి 12 ఏ గొప్పా ప్రదర్శించదు. లేత రంగు ఇటుక, కొలత తప్పని కిటికీలు, అంతే. ఆ నిరాడంబరతను నేను చాలా గౌరవిస్తాను. అప్పటికే పేరున్న ఆర్కిటెక్ట్ తన సొంత ఇంటి మీద ఒక్క ఆభరణం కూడా తగిలించలేదు. వీధి వరసకు తలవంచాడు.

లోపల వెనకవైపు ఫలహారపు గది ఉంది. ఈ ఇంట్లో అసలు విశేషం అదే. దాని పైకప్పు చదునుగా ఉండదు. నాలుగు మూలల నుంచీ లేచి నడిమికి కలిసే పలచటి కమాను కప్పు. దాని మీద జాన్ క్రేస్ అల్లిక పందిరి, దానికి పాకిన పూలతీగలు చిత్రించాడు. కూర్చున్నవాడికి తాను తోటలో పందిరి కింద ఉన్నట్టు అనిపించాలి. గది చిన్నది, కిటికీ నుంచి కనిపించేది పెరడు. బయట తోట లేదు కాబట్టి దాన్ని కప్పు మీదికి తెచ్చాడు. గమనించాల్సింది బొమ్మను మాత్రమే కాదు, ఆకారాన్ని కూడా. బరువైన గుమ్మటంలా గోడల మీద కూర్చోకుండా, మూలల దగ్గర మాత్రమే ఆనించి పరిచిన గుడ్డలా ఉండే కప్పు. అతని జీవితమంతా ఈ ఆకారం వెంట వస్తుంది.

సరిగ్గా అవే ఏళ్లలో అతను బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో స్టాక్ ఆఫీస్ హాలు కడుతున్నాడు. బ్యాంకుకి దొంగల భయం, అల్లర్ల భయం. బయటి గోడలకు కిటికీలు పెట్టకూడదు. కాబట్టి వెలుగంతా పైనుంచే తేవాలి. కమాను కప్పుల నడుమ, వాటి పక్కల నుంచి ఆకాశాన్ని లోపలికి దించడం అతను అక్కడ నేర్చుకున్నాడు. 12 కట్టేటప్పటికి ఆ విద్య ఇంకా ఇంటి దాకా రాలేదు. పందిరి కప్పు ఇంట్లో ఉంది, పైనుంచి దిగే వెలుగు బ్యాంకులో ఉంది. ఈ రెండూ కలిసిన చోటే 13. ఆ బ్యాంకు హాళ్లను 1920ల నుంచి ఆర్కిటెక్ట్ హెర్బర్ట్ బేకర్ కొత్త భవనం కోసం పడగొట్టేశారు. న్యూఢిల్లీ సెక్రటేరియట్ భవనాలు గీసిన బేకరే. అందుకే సోన్ వెలుగును ఎలా వాడాడో చూడాలంటే ఇవాళ ఈ ఇళ్లే పెద్ద దిక్కు.

గోడ దాటడం

1807-08 ప్రాంతంలో సోన్ పక్కిల్లు 13 కొన్నాడు. అందులో అద్దెకుంటున్నవాళ్లను వెంటనే ఖాళీ చేయించలేదు. వాళ్లు ముందుభాగంలో ఉండగానే, వెనక గుర్రపుశాల ఉన్న స్థలంలో 1808-09లో ఆఫీసూ మ్యూజియమూ కట్టాడు. 12 లోంచి అక్కడికి దారి. తర్వాత 1812లో అద్దెదారుని 12కి మార్చి, ఖాళీ అయిన 13 ముందుభాగాన్ని పడగొట్టి కొత్తది కట్టి, 1813లో తాను అందులో చేరాడు. ఇల్లు మారిన రోజు నుంచీ 12 అద్దె తెచ్చే ఇల్లు అయింది.

ఈ క్రమం నాకు చాలా నచ్చుతుంది. మనం సాధారణంగా ముందు ఎలివేషన్ (వీధి వైపు ముఖం), తర్వాత గదులు, చివరికి వెనకాల అనుకుంటాం. సోన్ వెనక నుంచి ముందుకు వచ్చాడు. ముందు చీకటి చోటుని పరిష్కరించుకున్నాడు, ఆ తర్వాతే వీధికి ముఖం కట్టాడు.

పదమూడు ముఖం

13 ముందు నిలబడితే ఇటుక గోడకు ఎదురుగా పోర్ట్‌లండ్ తెల్లరాతి వరండా ఒకటి ముందుకు వచ్చి కనిపిస్తుంది. నేల అంతస్తులో మూడు కమానులు, దానిపైన మూడు, ఆ పైన నడిమి కమాను ఒక్కటే. రెండో అంతస్తు ఎత్తులో చెరోవైపు నిలువెత్తు స్త్రీ విగ్రహం. ఏథెన్స్ ఎరెక్థియోన్ గుడిలోని స్త్రీ స్తంభాల నమూనా అవి. రాతివి కావు, కోడ్ స్టోన్‌వి, అంటే లాంబెత్‌లోని ఎలినార్ కోడ్ కార్ఖానాలో మట్టి మిశ్రమాన్ని అచ్చుపోసి బట్టీలో కాల్చి చేసినవి. కిటికీల నడుమ వెస్ట్‌మినిస్టర్ హాల్ నుంచి వచ్చిన పధ్నాలుగో శతాబ్దపు గాథిక్ (మధ్యయుగపు చర్చిల శైలి) రాతి పీఠాలు నాలుగు ఉన్నాయి. ఒకే ముఖం మీద గ్రీకు, గాథిక్, లండన్ ఇటుక. స్తంభం వాడాల్సిన చోట సన్నని గాటు గీతలతో సరిపెట్టాడు. రాతి మీద పెన్సిల్‌తో గీసినట్టు ఉంటుంది. అలంకారాన్ని గీత స్థాయికి దించినా అది క్లాసికల్‌గానే నిలబడుతుందని చూపిన ధైర్యం అది.

పేట సర్వేయర్ విలియం కినార్డ్‌కి ఆ వరండా నచ్చలేదు. 1774 చట్టానికి విరుద్ధంగా ముందుకి పొడుచుకొచ్చిందని కేసు వేశాడు. కేసు సోన్ వైపే తేలింది. మొదట్లో వరండా తెరిచే ఉండేది. తర్వాతి రెండు దశాబ్దాల్లో సోన్ దానికి అద్దాలు బిగించి గదుల్లో కలిపేసుకున్నాడు. బాల్కనీకి అద్దాల చట్రం వేయించి హాల్‌లో కలుపుకోవడం మన అపార్ట్‌మెంట్లలో రోజూ చూసేదే. అతను చేసింది కూడా అదే పని. తేడా ఏమిటంటే పాత కమాను గీత అలాగే నిలిచి, లోపల అసలు గోడ ఎక్కడుందో ఇప్పటికీ తెలుస్తుంది. దక్షిణపు ఎండ ఆ రెండు పొరల మధ్య నిలిచి గదిలోకి మెత్తగా దిగుతుంది.

ఈ ముఖం ఒంటరిగా ఉంటే అతిగా అనిపించేది. దానికి నిలకడ ఇచ్చేది పక్కనున్న 12. తర్వాత 14 కట్టినప్పుడు సోన్ 12 ముఖాన్నే దానికీ పెట్టాడు. అటూ ఇటూ మాట్లాడని రెండు ఇటుక గోడలు, నడుమ తెల్లరాయి. 12ని అలా మామూలుగా కట్టి ఉండకపోతే 13కి ఈ స్థానం వచ్చేది కాదు.

లోపలి వెలుగు

13లో మొదట వచ్చేది లైబ్రరీ, భోజనాల గది. ముందూ వెనకా ఉన్న రెండు గదులను కలిపి ఒకటి చేశాడు. నడుమ గోడ తీసేసిన గుర్తుగా కప్పు నుంచి వేలాడే కమానులు మాత్రం మిగిలాయి. కింద స్తంభం ఉండదు. గోడలకు ముదురు ఎరుపు, అగ్నిపర్వతపు బూడిదలో పూడిపోయిన రోమన్ పట్టణం పాంపేయి గోడల రంగు. పుస్తకాల బీరువాల పైన, కప్పుకి కింద, అద్దాలు పెట్టాడు. మనిషి తన ముఖం చూసుకునే ఎత్తులో అవి లేవు. కప్పు గోడ దగ్గర ఆగకుండా అవతలికి సాగిపోతున్నట్టు చూపించడమే వాటి పని. ఉమ్మడి గోడలో కిటికీ పెట్టలేడు, కాబట్టి అద్దం పెట్టాడు. చట్టాన్ని ముట్టకుండా గోడను మాయం చేసే ఉపాయం.

ఆ వెనకే ఫలహారపు గది. నా దృష్టిలో ఈ ఇంటి గుండె ఇదే. చిన్న గది. నాలుగు సన్నని ఆసరాల మీద 12లోని పందిరి కప్పు లాంటిదే ఒక లోతులేని గుమ్మటం. ఈసారి బొమ్మ లేదు. గుమ్మటం నడుమ చిన్న లాంతరు కిటికీ, అంటే కప్పు పైకి లేచిన గాజు గూడు. అసలు కిటుకు అంచుల్లో ఉంది. గుమ్మటం గది రెండు చివర్ల గోడల దాకా పోదు. కాస్త ముందే ఆగిపోతుంది. ఆ ఖాళీలో, పైన ఎక్కడో కనిపించకుండా, స్కైలైట్లు ఉన్నాయి. వెలుగు గోడ మీదుగా జారి కిందికి వస్తుంది. కూర్చున్నవాడికి వెలుగు ఎక్కడి నుంచి వస్తోందో కనిపించదు, వెలిగిన గోడ కనిపిస్తుంది. గుమ్మటం నాలుగు మూలల్లో ఉబ్బెత్తు అద్దాలు, గదంతా కలిపి వందకు పైగా చిన్నా పెద్దా అద్దాలు. ఒక పక్క కిటికీ నుంచి చిన్న పెరడు కనిపిస్తుంది, మరోవైపు మ్యూజియం. ఇరవై ఏళ్ల కింద 12లో రంగుతో పూసిన తోట ఇక్కడ నిజమైన ఆకాశంగా మారింది. ఈ రెండు గదులనూ ఒకే రోజు చూడగలగడం ఆర్కిటెక్ట్‌కి పెద్ద చదువు.

ఈ గుమ్మటం ఆకారం మీకు తెలియకుండానే మీరు చూసి ఉంటారు. భార్య పోయాక సోన్ కట్టిన కుటుంబ సమాధి సెయింట్ పాంక్రాస్ పాత చర్చి తోటలో ఉంది, దాని మీదా ఇలాంటి కప్పే. 1924లో ఎర్ర టెలిఫోన్ బాక్సు గీసిన గైల్స్ గిల్బర్ట్ స్కాట్‌కి ఆ సమాధి ప్రేరణ అంటారు. అప్పట్లో ఆయన ఈ మ్యూజియం ట్రస్టీల్లో ఒకడు.

ఇంకా వెనక్కి వెళ్తే పాత గుర్రపుశాల చోటు. నేలమాళిగ నుంచి పైకప్పు దాకా తెరిచిన నిలువు ఖాళీ, పైన గాజు గోపురం. చుట్టూ విగ్రహాలు, కింద ఈజిప్టు రాజు మొదటి సెటి రాతి శవపేటిక. 1817లో ఇటలీ అన్వేషకుడు బెల్జోనీ వెలికితీసిన ఆ పేటికను బ్రిటిష్ మ్యూజియం వద్దంటే, 1824లో సోన్ 2,000 పౌండ్లు పెట్టి కొన్నాడు. దాన్ని లోపలికి దించడానికి వెనక గోడ పగలగొట్టాల్సి వచ్చింది. 1825 మార్చిలో మూడు రాత్రులు దీపాలు పెట్టి దాదాపు 900 మందిని పిలిచాడు. పగటి వెలుగుతో పాటు రాత్రి దీపానికీ ఈ చోటును అతను ఆలోచించుకున్నాడని అర్థమవుతుంది. చాలా స్కైలైట్లలో పసుపు గాజు వాడాడు. బొగ్గుపొగతో బూడిదరంగుకి తిరిగిన లండన్ ఆకాశం ఆ గాజు గుండా వస్తే ఇటలీ సాయంత్రంలా మారుతుంది.

శిష్యులు బొమ్మలు గీసే గది ఇంకో పాఠం. అది మ్యూజియం పైన స్తంభాల మీద నిలబెట్టిన మేడ. దాని నేల పక్కగోడలకు తగలదు. అటూ ఇటూ ఖాళీ వదిలాడు. పైన స్కైలైట్ వెలుగు శిష్యుల బల్లల మీద పడి, ఆ ఖాళీల గుండా కింది అంతస్తుకీ దిగుతుంది. ఒక్క గాజు, రెండు అంతస్తులకు పని.

మన సన్న స్థలాలకి

హైదరాబాద్ పాతబస్తీలో, విజయవాడ వన్‌టౌన్‌లో, రాజమండ్రిలో అరవై గజాల స్థలాల్లో రెండు పక్కలా ఆనుకుని లేచే ఇళ్లకూ ఇదే జబ్బు. నడిమి గదిలో పగలు కూడా ట్యూబ్‌లైట్ వేసుకోవాలి. మన పెద్దవాళ్ల మండువా లోగిలి ఈ సమస్యని నడుమ తెరిచి తీర్చింది. ఇవాళ దాని బదులు మూడడుగుల డక్ట్ వదులుతున్నాం. అందులో ఏసీ యూనిట్లు, పైపులు, పావురాలు. వెలుగు కింది దాకా రాదు.

సోన్ దగ్గర తీసుకోదగ్గది ఒకటుంది. ఖాళీని నడుమ గొయ్యిలా వదలకుండా ఉమ్మడి గోడ వెంబడి సన్నని చారలా వదలాలి. శ్లాబ్‌ని గోడ నుంచి రెండడుగులు జరిపి, ఆ గోడకు సున్నం వేస్తే గోడే దీపం అవుతుంది. కానీ అతని స్కైలైట్‌ని ఉన్నదున్నట్టు దించితే మనకి ప్రమాదం. లండన్ 51 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, అక్కడ సూర్యుడు నడినెత్తికి రాడు. మనకు ఏప్రిల్, మే నెలల్లో నెత్తి మీదే ఉంటాడు. పైన పడుకోబెట్టిన గాజు వేస్తే గది పొయ్యి అవుతుంది. కాబట్టి ఆ చారపైన కప్పు వేసి, ఉత్తరం వైపు నిలువు గాజు పెట్టి, వేడి గాలి పోవడానికి జాలీ వదలాలి. ఇంకో మాట. పసుపు గాజు అతనికి ఎందుకు కావాల్సి వచ్చిందో అది మనకి అక్కర్లేదు. మన వెలుగులో పసుపు ఇప్పటికే ఎక్కువ.

ఆ కాలపు క్లాసికల్ కట్టడం మన దగ్గరా ఉంది. హైదరాబాద్ కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ 1803లో మొదలై, అదే దశాబ్దంలో పూర్తయింది. అది విశాలమైన తోటలో ఒంటరిగా నిలబడ్డ భవనం, నాలుగు వైపులా వెలుగు దొరికేది. అక్కడి స్తంభాల దర్జా 12, 13 ఇళ్లకు లేదు, వాటి ఇరుకు రెసిడెన్సీకి లేదు. క్లాసికల్ అంటే స్తంభాల వరసే అనుకునే విద్యార్థులకు నేను ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

1837 తర్వాత

సోన్ కొడుకులు ఇద్దరూ తండ్రి వృత్తిలోకి రాలేదు. చిన్నవాడు జార్జ్‌తో తీవ్రమైన గొడవలు. చివరికి 1833లో సోన్ పార్లమెంటు చేత ఒక చట్టమే చేయించుకున్నాడు. ఇల్లూ సేకరణా దేశానికి, చూసేవాళ్లకు ఉచితం, తాను వదిలిన స్థితిలో వీలైనంత వరకు అలాగే ఉంచాలి. 1837 జనవరిలో ఆయన పోయాడు. 12 మీద వచ్చే అద్దెతో మ్యూజియం నడవాలన్నది ఆయన ఏర్పాటు. మళ్లీ 12 మీదే బరువు.

కన్జర్వేషన్‌లో మమ్మల్ని ఎక్కువ తిప్పలు పెట్టేది ఏ కాలానికి తిరిగి వెళ్లాలి అనే ప్రశ్న. ఇక్కడ చట్టమే 1837 అని గీత గీసింది. అయినా గీత నిలవలేదు. రెండో అంతస్తులోని సోన్ సొంత గదులు మ్యూజియం బాధ్యత చూసే క్యురేటర్ల వాడకంలోకి పోయాయి. 1889-90లో 12 వెనక కొత్త చిత్రాల గది లేచింది. పెరట్లో సోన్ ఒకదాని మీద ఒకటి పేర్చిన రాళ్ల స్తంభం 1896లో దింపేశారు. రెండో ప్రపంచయుద్ధపు బాంబులకు అద్దాలు పగిలాయి. 1969లో 12 మళ్లీ మ్యూజియం చేతికి వచ్చింది. 14 మాత్రం 1996 దాకా వేరేవాళ్ల చేతిలోనే ఉంది.

తిరిగి పాత స్థితికి తేవడం నిదానంగా జరిగింది. మొదట రంగులు. పొరల కింద దొరికిన ఆధారాలతో మేడ మీది డ్రాయింగ్ రూముల (అతిథులు కూర్చునే గదుల) గాఢమైన పసుపు తిరిగి వచ్చింది. అది నిర్మొహమాటమైన పసుపు, పాత ఇల్లంటే వెలిసిన రంగు అనుకునేవాళ్లు ఉలిక్కిపడతారు. 2004లో పెరటి స్తంభం మళ్లీ లేచింది. 2016లో ముగిసిన దాదాపు 70 లక్షల పౌండ్ల పనికి జూలియన్ హారప్ సంస్థ ఆర్కిటెక్ట్. అప్పుడే సోన్ పడకగది, నమూనాల గది తిరిగి తెరిచారు. అది సాధ్యపడడానికి కారణం సోన్ కాలపు నీటిరంగు చిత్రాలు, మొదటి క్యురేటర్ జార్జ్ బెయిలీ రాసిపెట్టిన వస్తువుల జాబితాలు. ఏ వస్తువు ఏ గోడకు ఉందో కాగితం మీద ఉంది. పాత ఇళ్ల పని మొదలుపెట్టేటప్పుడు నేను యజమానుల దగ్గర ముందు పెళ్లి ఫొటోలు అడుగుతాను. మన దగ్గర ఒక్కోసారి దొరికే ఆధారం అవే, వధూవరుల వెనక గుమ్మం ఎలా ఉందో వాటిలో కనిపిస్తుంది. 2023లో శిష్యుల గది కూడా బాగుపడి తెరుచుకుంది.

ఈ పనంతటిలో నేను ఎక్కువగా మెచ్చుకునే నిర్ణయం 2012లో 12లో జరిగింది. మ్యూజియంకి లిఫ్ట్ కావాలి, సామాన్లు పెట్టే చోటు కావాలి, షాపు, ఎగ్జిబిషన్ గదులు, వస్తువులు బాగుచేసే గదులు కావాలి. వీటిలో ఏ ఒక్కటి 13లో పెట్టినా ఏదో ఒక వెలుగుదారి మూసుకుపోయేది. అన్నిటినీ 12లోకి తీసుకున్నారు. కొత్త షాపు, గ్యాలరీ అమరికలను కరూసో సెయింట్ జాన్ సంస్థ చేసింది. సోన్‌ని అనుకరించలేదు, చూడగానే ఈ కాలపు పని అని తెలుస్తుంది. ఉమ్మడి గోడ దాటి 13లోకి అడుగుపెట్టగానే పాత ఇల్లు మొదలవుతుంది. చక్రాల కుర్చీలో వచ్చినవారికి కూడా ఆ గోడ దాటే దారి దొరికింది.

జంట ఇళ్ల పని ఏదొచ్చినా ఇప్పుడు నేను చేసే మొదటి పని పేరులేని ఇంటి రిపోర్టు రాయడం. పేరున్న ఇంటి సంగతి అందరూ రాస్తారు. సేవలన్నీ మోయబోయే ఇంట్లో తీయకూడని గోడ ఏది, ముట్టకూడని కప్పు ఏది, పైపు వేసుకోదగ్గ మూల ఏది అని డ్రాయింగ్ మీద రంగులతో గుర్తుపెట్టి, యజమాని సంతకం తీసుకున్నాకే లిఫ్ట్ మాట ఎత్తుతాను. 12లో ఆ ముట్టకూడని కప్పు పూలపందిరి గదిది. షాపూ లిఫ్టూ వచ్చాక కూడా అది క్రేస్ బొమ్మలతో అలాగే ఉంది.